కటింగ్ సైట్ దొరకని ప్లాస్మిడ్‌లో జన్యువును అతికించడం: క్యాస్9 కోత, గిబ్సన్ అతుకు

ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో ఉండే చిన్న వలయాకార డీఎన్‌ఏ) మ్యాపు తెరిస్తే మనకు కావలసిన చోట ఒక్క రిస్ట్రిక్షన్ సైటూ (కోత ఎంజైము గుర్తుపట్టే వరుస) ఉండదు. ఉన్న సైట్లేమో మరో నాలుగు చోట్ల కూడా కోస్తాయి. పెద్ద ప్లాస్మిడ్‌లతో పనిచేసేవాళ్లు రోజూ ఎదుర్కొనే చిక్కే ఇది. అలాంటప్పుడు క్యాస్9ను (గైడ్ ఆర్‌ఎన్‌ఏ చూపిన చోట డీఎన్‌ఏను కోసే ఎంజైము) ట్యూబులోనే కత్తెరగా వాడి ప్లాస్మిడ్‌ను తెరిచి, కొత్త ముక్కను గిబ్సన్ పద్ధతిలో (ఒకే వరుస ఉన్న కొసలను కలిపే పద్ధతి) అతికించవచ్చు.

ఒక సంగతి ముందే తేల్చుకోవాలి. క్యాస్9 కోస్తుందే కానీ అతికించదు. అతుకు పని గిబ్సన్ మిశ్రమంలోని మూడు ఎంజైములది: టీ5 ఎక్సోన్యూక్లియేజ్ కొసలను నములుతుంది, పాలిమరేజ్ ఖాళీలు పూరిస్తుంది, టాక్ లైగేజ్ అతుకు మూసేస్తుంది. ఇక క్యాస్9 రిస్ట్రిక్షన్ ఎంజైము లాంటిది కాదు. ఈకోఆర్1 ఒక చోట కోసి వదిలేసి మరో అణువు మీదికి పోతుంది. క్యాస్9 కోసిన డీఎన్‌ఏను పట్టుకునే ఉంటుంది. ఈ పద్ధతిలో ఎదురయ్యే వైఫల్యాల్లో చాలా ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే వస్తాయి.

ఉదాహరణకు 10 కిలోబేస్‌ల ప్లాస్మిడ్‌లో ఒకే చోట కోసి, 720 బేస్ జతల ఈజీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రోటీన్) జన్యువును చేర్చడం తీసుకుందాం. అంకెలన్నీ దానికే. మీ ముక్కల పొడవును బట్టి లెక్క మార్చుకోండి.

1. ముందు అడగాల్సిన ప్రశ్న: ఇది మీకు అవసరమా?

కావలసిన చోట ఒకే ఒక్క రిస్ట్రిక్షన్ సైటు ఉంటే దాన్నే వాడండి. అది చౌక, నమ్మకం ఎక్కువ. ప్లాస్మిడ్ 6, 7 కిలోబేస్‌ల లోపుంటే మొత్తం వెక్టర్‌నే (ముక్కను చేర్చుకునే ప్లాస్మిడ్‌ను) ఇన్వర్స్ పీసీఆర్‌తో (కోత చోటి నుంచి బయటికి చూసే ప్రైమర్లతో) పెంచుకోవచ్చు, క్యాస్9 దండగ. వెక్టర్ పెద్దదై, పీసీఆర్‌లో తప్పులు దొర్లుతాయన్న భయం ఉన్నప్పుడో, లోపల రిపీట్లు ఉండి పీసీఆర్ సరిగ్గా రానప్పుడో క్యాస్9 అక్కరకొస్తుంది.

మరో మాట. మన దేశంలో రీకాంబినెంట్ డీఎన్‌ఏ పని మొదలుపెట్టే ముందు సంస్థలోని బయోసేఫ్టీ కమిటీకి తెలపాలి. బయోటెక్నాలజీ విభాగం 2017 మార్గదర్శకాల ప్రకారం మీ పని ఏ వర్గంలోకి వస్తుందో వాళ్లే చెబుతారు. ఆ కాగితం చేతికొచ్చాకే ఆలిగోలు (పొట్టి డీఎన్‌ఏ పోగులు) ఆర్డర్ చేయండి.

2. గైడ్ ఎంపిక

సాధారణంగా వాడే ఎస్‌పీక్యాస్9కు లక్ష్యం పక్కన ఎన్‌జీజీ (ఎన్ అంటే ఏ బేస్ అయినా) అనే మూడక్షరాల పామ్ ఉండాలి. దానికి ముందున్న 20 బేస్‌లే మీ గైడ్. కోత పామ్‌కు మూడు బేస్‌ల ముందు పడుతుంది, అంటే 20 బేస్‌లలో 17కు, 18కి మధ్య. కొసలు దాదాపు మొద్దుగా ఉంటాయి.

- పామ్‌ను గైడ్‌లో కలపకండి. ఎన్‌జీజీ డీఎన్‌ఏలో ఉండాలి, ఆర్‌ఎన్‌ఏలో కాదు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే.
- లక్ష్యం ఏ పోగు మీద ఉన్నా ఫరవాలేదు. కానీ రెండో పోగు మీద ఉంటే కోత స్థానాన్ని తిరగేసి లెక్కించాలి.
- పామ్ వైపున్న 10 నుంచి 12 బేస్‌లు ప్లాస్మిడ్‌లో మరెక్కడా పామ్‌తో కలిసి ఉండకూడదు. రెండు పోగులూ వెతకండి.
- జీ, సీ శాతం 40 నుంచి 60 మధ్య ఉంటే చాలు.

ఆన్‌లైన్ టూల్స్ ఇచ్చే స్కోర్లకు ఇక్కడ మరీ ప్రాధాన్యం ఇవ్వకండి. అవి చాలావరకు కణాల లోపలి ఫలితాల మీద కట్టినవి. ట్యూబులో 10 కిలోబేస్‌ల నగ్న డీఎన్‌ఏ మీద లెక్క వేరు. అందుకే వీలుంటే దగ్గరదగ్గరగా రెండు గైడ్‌లు ఎంచుకుని రెండూ పరీక్షించండి. ఒకటి మొండికేస్తే రెండోది ఉంటుంది.

3. గైడ్ ఆర్‌ఎన్‌ఏ తయారీ

సింథటిక్‌గా కొనడం సులువు. డబ్బు ఆదా చేయాలంటే టీ7 ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌తో లిప్యంతరీకరణ చేసుకోవచ్చు. టీ7 ప్రమోటరు, 20 బేస్‌ల గైడు, స్కాఫోల్డ్‌తో (గైడ్ ఆర్‌ఎన్‌ఏలో క్యాస్9 పట్టుకునే భాగం) కలిసే 14 బేస్‌లు ఉన్న ఆలిగో ఒకటి, మిగతా స్కాఫోల్డ్ ఉన్న ఆలిగో ఒకటి. రెంటినీ జత చేసి పూరిస్తే టెంప్లేటు సిద్ధం. టీ7 జీ అక్షరంతోనే బాగా మొదలవుతుంది కాబట్టి గైడ్ జీతో మొదలవకపోతే ముందు ఒక జీ చేర్చండి.

పని అయ్యాక డీఎన్‌ఏస్1 వేసి 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలుంచి, ఆర్‌ఎన్‌ఏ కాలమ్‌లో శుద్ధి చేయండి. చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80లో పెట్టండి. 100 బేస్‌ల గైడ్‌కు 1 మైక్రోమోలార్ అంటే సుమారు 32 నానోగ్రాములు ప్రతి మైక్రోలీటరుకు. నానోడ్రాప్ అంకెను పూర్తిగా నమ్మొద్దు, మిగిలిపోయిన న్యూక్లియోటైడ్‌లు దాన్ని పెంచి చూపిస్తాయి. జెల్ మీద ఒకే పట్టీ కనిపిస్తోందో లేదో చూడండి.

ఇక్కడి అసలు శత్రువు ఆర్‌ఎన్‌ఏస్. మినీప్రెప్ చేసే బల్ల మీద ఈ పని పెట్టుకోకండి. మినీప్రెప్ మొదటి బఫర్‌లో ఆర్‌ఎన్‌ఏస్ ఏ ఉంటుంది, అది పిపెట్ ద్వారా ఇక్కడికీ చేరుతుంది.

4. ప్రైమర్ల డిజైన్: అసలు అతుకు ఇక్కడే పడుతుంది

గిబ్సన్‌లో రెండు ముక్కల కొసల దగ్గర ఒకే వరుస ఉండాలి. ఆ ఉమ్మడి భాగాన్ని ప్రైమర్ తోకలో మనమే పెడతాం. రెండు మూడు ముక్కలకు 20 నుంచి 30 బేస్‌లు చాలు. మన ఉదాహరణలో 25.

- ముందు ప్రైమర్: కోతకు ఎడమవైపున్న 25 వెక్టర్ బేస్‌లు, వాటి వెంటనే జన్యువులోని మొదటి 20 బేస్‌లు.
- వెనుక ప్రైమర్: కోతకు కుడివైపున్న 25 వెక్టర్ బేస్‌ల రివర్స్ కాంప్లిమెంట్, ఆ తరువాత జన్యువులోని చివరి 20 బేస్‌ల రివర్స్ కాంప్లిమెంట్.

ఉమ్మడి భాగం కరుగు ఉష్ణోగ్రత 48 డిగ్రీలకు తగ్గకూడదు. అందులో హెయిర్‌పిన్‌లు, ప్లాస్మిడ్‌లో మరోచోట కూడా వచ్చే వరుసలు ఉండకూడదు. ఒకే టెర్మినేటరు రెండుసార్లు ఉన్న ప్లాస్మిడ్‌లలో ముక్క తప్పు చోట అతుక్కోవడానికి కారణం ఇదే.

క్యాస్9 ఒక్కోసారి కోసిన చోట ఒకటి రెండు బేస్‌లను అదనంగా కొరుకుతుంది. మొద్దు కొసలను టీ4 లైగేజ్‌తో నేరుగా అతికిస్తే ఆ బేస్‌లు పోయినట్టే, పైగా ముక్క ఎటు తిరిగి అతుక్కుంటుందో మన చేతిలో ఉండదు. గిబ్సన్‌లో ఆ నష్టాన్ని ప్రైమర్ తోకే పూరిస్తుంది, దిశ కూడా ముందే నిర్ణయమైపోతుంది. క్యాస్9 కోతకు గిబ్సన్‌ను జోడించేది ఇందుకే.

ఫ్యూజన్ ప్రోటీన్ చేస్తుంటే రీడింగ్ ఫ్రేమును ఇక్కడే సరిచూడండి. క్యాస్9 కోడాన్ సరిహద్దు చూసి కోయదు. పూర్తయిన ప్లాస్మిడ్‌ను ముందు కంప్యూటర్‌లో కట్టి, అనువదించి చూశాకే ప్రైమర్లు ఆర్డర్ చేయండి.

5. ముక్కను పెంచడం

తప్పులు తక్కువ చేసే క్యూ5, ఫ్యూజన్ (Phusion) లాంటి పాలిమరేజ్ వాడండి. 50 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో టెంప్లేటు ప్లాస్మిడ్ 1 నానోగ్రాము చాలు. ఎక్కువ వేస్తే తరువాత పాత ప్లాస్మిడ్ కాలనీలు వెంటపడతాయి.

98 డిగ్రీలు 30 సెకన్లు. తరువాత 98 డిగ్రీలు 10 సెకన్లు, 60 నుంచి 65 డిగ్రీలు 20 సెకన్లు, 72 డిగ్రీలు 25 సెకన్లు, ఇలా 28 సైకిళ్లు. చివర 72 డిగ్రీలు 2 నిమిషాలు. అనీలింగ్ ఉష్ణోగ్రతను జన్యువుతో జతకట్టే 20 బేస్‌లకే లెక్కించండి, మొత్తం 45కి కాదు.

టెంప్లేటు ప్లాస్మిడ్ అయితే డీపీఎన్1 ఎంజైమును 1 మైక్రోలీటరు వేసి 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలుంచి కాలమ్‌లో శుద్ధి చేయండి. తోకలతో కలిపి ముక్క పొడవు 770 బేస్ జతలు.

జాగ్రత్త: డీపీఎన్1ను ఈ ట్యూబులోనే వేయండి. క్యాస్9తో కోసిన వెక్టర్‌లో వేయకండి. డీపీఎన్1 మిథైల్ గుర్తున్న జీఏటీసీ వరుసలను కోస్తుంది. మీ వెక్టర్ మామూలు ఈ. కోలై నుంచి వచ్చింది కాబట్టి దాని నిండా ఆ గుర్తులే. పీసీఆర్ వెక్టర్‌లకు అలవాటు పడ్డ చేయి యాంత్రికంగా డీపీఎన్1 వేసేస్తుంది, వెక్టర్ ముక్కచెక్కలవుతుంది.

6. క్యాస్9తో వెక్టర్‌ను కోయడం

లెక్క నానోగ్రాముల్లో కాదు, మోల్‌లలో చేయండి.

పికోమోల్‌లు = నానోగ్రాములు × 1000 ÷ (బేస్ జతలు × 650)

10 కిలోబేస్‌ల వెక్టర్ 2 మైక్రోగ్రాములంటే సుమారు 0.3 పికోమోల్‌లు. క్యాస్9 దానికి పది రెట్లు, అంటే 3 పికోమోల్‌లు కావాలి. గైడ్ దానికంటే కాస్త ఎక్కువ ఉంటే మంచిది, ఖాళీ ఎంజైము మిగలదు. 1 మైక్రోమోలార్ ద్రావణంలో మైక్రోలీటరుకు 1 పికోమోల్ ఉంటుంది.

కొన్న క్యాస్9 తరచుగా 20 మైక్రోమోలార్ ఉంటుంది. 0.15 మైక్రోలీటరును పిపెట్‌తో కొలవలేం. వాడే ముందు 1ఎక్స్ బఫర్‌లో 1 మైక్రోమోలార్‌కు పలచన చేయండి. మిగిలింది దాచకండి.

ముందు ఇవి కలపండి:

- న్యూక్లియేజ్ లేని నీళ్లు: 28 మైక్రోలీటర్లు
- 10ఎక్స్ బఫర్: 5 మైక్రోలీటర్లు
- గైడ్ ఆర్‌ఎన్‌ఏ, 1 మైక్రోమోలార్: 4 మైక్రోలీటర్లు
- క్యాస్9, 1 మైక్రోమోలార్: 3 మైక్రోలీటర్లు

25 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచండి. గైడ్, ఎంజైము జతకట్టే సమయం ఇది. ఆ తరువాతే వెక్టర్ (200 నానోగ్రాములు ప్రతి మైక్రోలీటరుకు) 10 మైక్రోలీటర్లు వేసి 37 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచండి.

ప్రోటోకాల్ పుస్తకాల్లో ఈ 10 నిమిషాలను ‘గది ఉష్ణోగ్రత’ అని రాస్తారు. ఏసీ లేని గదిలో, మే నెలలో, కర్నూలులోనో రామగుండంలోనో ఆ మాటకు అర్థం లేదు. థర్మల్ సైక్లర్‌నే 25కు పెట్టుకోండి.

వెక్టర్‌ను టీఈ బఫర్‌లో కరిగించి ఉంటే ముందు నీళ్లలోకో పలుచని ట్రిస్‌లోకో మార్చండి. టీఈలోని ఈడీటీఏ మెగ్నీషియాన్ని పట్టేస్తుంది, మెగ్నీషియం లేనిదే క్యాస్9 కోయదు.

7. క్యాస్9ను వదిలించడం

గంట గడిచాక ప్రోటీనేజ్ కే (20 మిల్లీగ్రాములు ప్రతి మిల్లీలీటరుకు) 1 మైక్రోలీటరు వేసి 56 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచండి. ఈ మెట్టు దాటేస్తే క్యాస్9 కొసలనే పట్టుకుని కూర్చుంటుంది. జెల్‌లో డీఎన్‌ఏ బావిలోనే ఇరుక్కుంటుంది, లేదా పట్టీ పైకి జరిగి కనిపిస్తుంది. గిబ్సన్‌లో టీ5కు కొస అందదు.

తరువాత కాలమ్ శుద్ధి తప్పదు. ప్రోటీనేజ్ కే కాస్త మిగిలినా గిబ్సన్ ఎంజైములను తినేస్తుంది. వాష్ బఫర్‌తో రెండుసార్లు కడిగి, ఖాళీ కాలమ్‌ను ఒక నిమిషం తిప్పి, 15 మైక్రోలీటర్లలో దించండి.

8. జెల్ చూడటం

0.8 శాతం అగరోజ్‌లో మూడు బావులు పక్కపక్కనే పెట్టండి: కోయని వెక్టర్, గైడ్ లేకుండా క్యాస్9 వేసిన వెక్టర్, మీ రియాక్షన్. ఎక్కడైనా ఒకేచోట కోసే రిస్ట్రిక్షన్ ఎంజైముతో సరళం చేసిన వెక్టర్ కూడా ఉంటే ఇంకా మంచిది.

సరిగ్గా కోత పడితే 10 కిలోబేస్‌ల దగ్గర ఒకే పట్టీ. కింద వేగంగా పరుగెత్తిన సూపర్‌కాయిల్డ్ పట్టీ కనిపిస్తే అది కోత పడని ప్లాస్మిడ్. అది పది శాతం ఉన్నా మీ పని చెడగొడుతుంది, ఎందుకంటే సరళ డీఎన్‌ఏ కంటే సూపర్‌కాయిల్డ్ ప్లాస్మిడ్ బ్యాక్టీరియాలోకి ఎన్నో రెట్లు సులువుగా దూరుతుంది. అప్పుడు సరళ పట్టీని జెల్ నుంచి కోసి తీయండి. నీలి కాంతి ట్రాన్సిల్యూమినేటరు వాడండి. యూవీ తప్పకపోతే పొడవాటి తరంగాల మోడులో కొన్ని సెకన్లే. యూవీ దెబ్బ తిన్న డీఎన్‌ఏ జెల్‌లో బాగానే కనిపిస్తుంది, కాలనీలు మాత్రం రావు.

పొడవులు కలిపితే 10 కిలోబేస్‌లయ్యే రెండు పట్టీలు వస్తే గైడ్ మరోచోట కూడా కోస్తోందన్నమాట. రెండో గైడ్‌కు మారండి.

9. గిబ్సన్ అతుకు

100 నానోగ్రాముల వెక్టర్ అంటే 0.015 పికోమోల్. ముక్క దానికి మూడు రెట్లు: 0.046 పికోమోల్, అంటే 770 బేస్ జతలకు 23 నానోగ్రాములు. 200 బేస్ జతల కంటే చిన్న ముక్కలకు ఐదు రెట్లు వేయండి, టీ5 వాటిని నమిలేస్తుంది.

- వెక్టర్: 100 నానోగ్రాములు
- ముక్క: 23 నానోగ్రాములు
- 2ఎక్స్ గిబ్సన్ మిశ్రమం: 10 మైక్రోలీటర్లు
- నీళ్లు: మొత్తం 20 మైక్రోలీటర్లు అయ్యేంత

ఐసు మీదే కలపండి. టీ5 గది వేడిలోనే నమలడం మొదలుపెడుతుంది, పూరించి అతికించే ఎంజైములకు 50 డిగ్రీలు కావాలి. బల్ల మీద పావుగంట వదిలేసిన ట్యూబులో నమలడం జరుగుతుంది, అతకడం జరగదు. ముందే 50 డిగ్రీలకు వేడెక్కిన సైక్లర్‌లో పెట్టండి. రెండు ముక్కలకు 15 నిమిషాలు చాలంటారు. వెక్టర్ పెద్దది కాబట్టి గంట ఉంచడమే మేలు. అంతకు మించితే లాభం లేదు.

దీని పక్కనే ముక్క వేయకుండా వెక్టర్ ఒక్కదానితో మరో ట్యూబు పెట్టండి. ఇది లేకపోతే రేపు ప్లేటులోని కాలనీలకు అర్థం చెప్పలేరు.

10. ట్రాన్స్‌ఫర్మేషన్

మైక్రోగ్రాముకు కనీసం 10 కోట్ల కాలనీలు ఇచ్చే డీహెచ్5ఆల్ఫా కణాలు తీసుకోండి. ల్యాబ్‌లో కాల్షియం క్లోరైడ్‌తో చేసుకున్నవి చిన్న ప్లాస్మిడ్‌లకు సరిపోతాయి కానీ 10 కిలోబేస్‌లు దాటితే నిరాశే.

50 మైక్రోలీటర్ల కణాల్లో 2 మైక్రోలీటర్ల గిబ్సన్ మిశ్రమం వేయండి. ఐసు మీద 30 నిమిషాలు, 42 డిగ్రీలలో 30 సెకన్లు, మళ్లీ ఐసు మీద 2 నిమిషాలు. 950 మైక్రోలీటర్ల ఎస్‌ఓసీ (కణాలు కోలుకునే పోషక ద్రావణం) పోసి 37 డిగ్రీలలో గంట ఊపండి. 100 మైక్రోలీటర్లు ఒక ప్లేటులో, మిగతాది సెంట్రిఫ్యూజ్ చేసి కణాలన్నీ మరో ప్లేటులో పరచండి.

గిబ్సన్ మిశ్రమంలోని పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) కొన్ని కణాలకు పడదు. కాలనీలు తక్కువ వస్తే మిశ్రమాన్ని నీళ్లతో నాలుగు రెట్లు పలచన చేసి మళ్లీ వేయండి. ఎలక్ట్రోపొరేషన్ చేస్తే పలచన తప్పనిసరి, లేకపోతే ఉప్పు వల్ల స్పార్క్ వస్తుంది.

11. ప్లేటు ఏం చెబుతోంది?

ముక్క ఉన్న ప్లేటులో కాలనీలు ఎక్కువ, వెక్టర్ ఒక్కదాని ప్లేటులో బాగా తక్కువ: ముందుకు వెళ్లండి.

రెండింటిలోనూ సమానంగా ఎక్కువ: కోత పడని ప్లాస్మిడ్ మిగిలింది. 6వ మెట్టుకు వెళ్లి క్యాస్9 పెంచండి, లేదా జెల్ నుంచి సరళ పట్టీని తీయండి. మొదటి సందర్భంలోనూ ఒక జాగ్రత్త: వెక్టర్‌ది, పీసీఆర్ టెంప్లేటుది ఒకే యాంటీబయోటిక్ అయితే, ముక్క ఉన్న ప్లేటులోనే పెరిగిన కాలనీలు టెంప్లేటువీ కావచ్చు. డీపీఎన్1 మెట్టు గుర్తు తెచ్చుకోండి.

రెండింటిలోనూ ఏమీ లేవు: ముందు కణాలను అనుమానించండి. 10 పికోగ్రాముల పీయూసీ19 (కణాలను పరీక్షించే చిన్న ప్లాస్మిడ్) వేసి చూడండి. అందులో కాలనీలు వచ్చాయంటే కణాలు బాగున్నాయి. ఇక వెతకాల్సింది మిగిలిపోయిన ప్రోటీనేజ్ కే, యూవీ దెబ్బ, తప్పుగా తిప్పిన ఓవర్‌ల్యాప్ (ఉమ్మడి భాగం). ఈ మూడింటిలో చివరిది మనం ఒప్పుకోవడానికి ఇష్టపడనిది, ఎక్కువసార్లు నిజమయ్యేదీ అదే. వెనుక ప్రైమర్ తోకను మళ్లీ మ్యాపు మీద పెట్టి చూడండి.

12. సరిచూసుకోవడం

ఎనిమిది కాలనీలకు కాలనీ పీసీఆర్ చేయండి. ఒక ప్రైమర్ ఓవర్‌ల్యాప్‌కు బయట వెక్టర్‌లో, రెండోది ముక్క లోపల ఉండాలి. రెండూ ముక్కలోనే ఉంటే, ప్లేటు మీద మిగిలిన ముక్క డీఎన్‌ఏ వల్లే అన్ని కాలనీలూ పాజిటివ్‌గా కనిపిస్తాయి.

మంచి కాలనీల్లో మూడింటిని మినీప్రెప్ చేసి రిస్ట్రిక్షన్ డైజెస్ట్‌తో పరిమాణం చూడండి, తరువాత శాంగర్ సీక్వెన్సింగ్‌కు పంపండి. రెండు అతుకులూ, మధ్యనున్న జన్యువంతా చదవాలి. తప్పులు ఎక్కువగా దొరికేది అతుకుల దగ్గరే. పాలిమరేజ్ వల్ల కాదు, 45 బేస్‌ల ఆలిగో తయారీలోనే ఒక్కో అక్షరం జారిపోతుంటుంది. ఒక కాలనీలో అలా కనిపిస్తే కంగారు పడి ప్రైమర్లు మార్చకండి, పక్క కాలనీ చదివించండి.

సరైనది దొరికిన రోజే 50 శాతం గ్లిజరాల్‌తో సమానంగా కల్చర్ కలిపి మైనస్ 80లో పెట్టండి. ట్యూబు మీద ప్లాస్మిడ్ పేరు, యాంటీబయోటిక్, తేదీతో పాటు కోతకు వాడిన గైడ్ నంబరు కూడా రాయండి.